పాత పందిరి మంచం, అద్దం బీరువా కొనే ముందు ఏమేం చూడాలి?

ప్రశ్న

నమస్కారం అండి. శ్రావణంలో హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్‌లోకి దిగుతున్నాం. ఇంట్లో అంతా కొత్త సామానే కాకుండా ఒకటి రెండు పాతకాలం వస్తువులు ఉండాలని నాకూ మావారికీ కోరిక. కారైకుడి నుంచి తెప్పించి అమ్మే ఒక షాపులో పందిరి మంచం, నిలువుటద్దం బీరువా, కేన్ అల్లిన పడక కుర్చీ చూశాం. మూడూ నూరేళ్ల నాటివి, బర్మా టేకు అంటున్నారు. నిజమో కాదో మాకు తెలియడం లేదు. వాటిలో పురుగు ఉంటే కొత్త కప్‌బోర్డులకు కూడా పడుతుందేమోనని టెన్షన్. పడకగది 11 అడుగులు, 12 అడుగులు. ఇంకొకటి, ఊళ్లో మా అమ్మమ్మగారి భోషాణం ఉంది. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య దాన్ని తీసుకెళ్తానంటున్నాడు. అలా పంపవచ్చా?

మొదటి జవాబు

పాత కలప సామాను బాగుచేసే పని నాది, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను, విసుక్కోకండి.

ముందుగా, "నూరేళ్లు" అన్న మాటకు డబ్బు ఇవ్వకండి. కారైకుడి ఉన్న తమిళనాడులోని చెట్టినాడు ప్రాంతపు వ్యాపారులకు బర్మాతో సంబంధాలుండేవి, చెట్టినాడు ఇళ్లలో బర్మా టేకు విరివిగా వాడారు. అందుకని షాపువాళ్ల మాట నమ్మదగ్గదే అనిపిస్తుంది. కానీ పాలిష్ వేసిన చెక్కను పైపైన చూసి ఇది బర్మాది, ఇది మన అడవిది అని తేల్చి చెప్పడం కష్టం. మీరు చూడాల్సింది రెండు: కలపలో చేవ (చెట్టు నడిమి గట్టి చెక్క) ఉందా, అతుకులు గట్టిగా ఉన్నాయా. ఈ రెండూ బాగుంటే అరవై ఏళ్లదైనా సంతోషంగా కొనుక్కోండి. ఇవి లేకపోతే నూట యాభై ఏళ్లదైనా వద్దు.

వయసు తెలుసుకోవాలంటే ముందు వైపు వదిలేసి కంటికి కనపడని చోట్లు చూడాలి. పగటి వెలుతురులో బీరువాను గోడ నుంచి జరిపించి వెనక చూడండి. పాత పనిలో వెనక చెక్కలకు, సొరుగుల అడుగుకు పాలిష్ వేసేవాళ్లు కాదు. అక్కడ చేత్తో చిత్రిక పట్టిన అలలు వేళ్లకు తగులుతాయి. సొరుగు పూర్తిగా బయటికి లాగి మూలల్లో అతుకు పళ్లు గమనించండి. చేత్తో కోసినవైతే ఒక పన్ను వెడల్పు, ఒక పన్ను సన్నం ఉంటాయి. అన్నీ అచ్చంగా ఒకే కొలతలో ఉంటే మెషీన్ పని. లోపలా బయటా ఒకే ముదురు రంగు ఉంటే అనుమానించండి, కొత్త చెక్కకు రంగు పట్టించి పాతదిగా అమ్మడం మామూలే. నిజంగా వాడిన వస్తువైతే అరుగుదల అర్థవంతంగా ఉంటుంది: కుర్చీ చేతుల ముందు భాగం, సొరుగు జారే పట్టీలు, కాళ్ల అడుగు. ఎవరి చెయ్యీ తగలని చోట గీతలూ గంట్లూ పెట్టి ఉంటే అది కావాలని చేసిన పని.

స్క్రూలు కూడా చూడండి. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు 1930ల నుంచే వాడుకలోకి వచ్చాయి. ఒకటి రెండు ఉంటే తర్వాత ఎప్పుడో రిపేరు చేశారనుకోవచ్చు. వస్తువంతా అవే ఉంటే నూరేళ్ల మాట నిలవదు. గుండ్రటి బల్ల ఎప్పుడైనా కొంటే టేపుతో అడ్డంగా, నిలువుగా రెండు కొలతలూ తీసుకోండి. కలప కాలం గడిచేకొద్దీ రేఖకు (చెక్కలో నార సాగే దిశకు) అడ్డంగా కుంచించుకుపోతుంది, అందుకని నిజంగా పాత బల్ల కచ్చితమైన వృత్తంగా ఉండటం అరుదు. నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఇదే, ఎందుకంటే దీన్ని నకిలీ చేయడం ఎవరికీ తట్టదు.

ఇక పురుగు సంగతి. మీ భయం సరైనదే. టేకు చేవకు పురుగు దాదాపుగా పట్టదు. కానీ బెరడు పక్కన ఉండే తెల్ల చెక్కకు పడుతుంది, చవకగా చేసిన వెనక పలకలకు, ప్లైవుడ్‌కు కూడా పడుతుంది. రంధ్రాలు కనిపించగానే వద్దనుకోకండి. అంచు నల్లబడి, లోపల దుమ్ము పట్టి ఉంటే ఎప్పుడో ముగిసిపోయిన కథ. లోపల చెక్క తెల్లగా, తాజాగా కనిపిస్తే పురుగు ఇంకా ఉంది. అనుమానముంటే వస్తువు కింద నల్ల కాగితం పరిచి వారం రోజులు ఉంచమని షాపువాళ్లను అడగండి. మెత్తటి పిండి రాలితే పుచ్చు పురుగు. గట్టి చిన్న గింజల్లా రాలితే చెక్కలోనే కాపురముండే పొడి చెద, అది ఇంకా మొండిది. రెండింట్లో ఏదైనా సరే, ఇంట్లోకి తేకముందే బయటే మందు ఎక్కించాలి. కిరోసిన్ పోస్తే చాలని చాలామంది చెబుతారు, దయచేసి ఆ పని చేయకండి. లోపలి గుడ్ల దాకా అది చేరదు, పాలిష్ పాడవుతుంది, పైగా మంటకు ప్రమాదం.

పాలిష్ గురించి నేను బతిమాలి చెప్పేది ఒకటుంది. "మెషీన్‌తో గీకి కొత్తగా చేసి ఇస్తాం" అంటే ఒప్పుకోకండి. పాత వస్తువులకు ఎక్కువగా లక్కతో చేసిన పాలిష్ ఉంటుంది. కనపడని మూల ఒక చుక్క స్పిరిట్ వేసి చూడండి, మెత్తబడి జిగురుగా తగిలితే అదే. దాన్ని తుడిచి, పలుచగా మళ్లీ లక్క పూతే వేయవచ్చు. గీకేస్తే ఏళ్ల తరబడి వచ్చిన ఆ రంగు పోతుంది, చెక్కిన పూల అంచులు మొద్దుబారిపోతాయి. పెయింట్ వేసిన పాత సామాను అయితే ఇంట్లో గీకడం అసలే వద్దు. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పెయింట్లో సీసం ఉండవచ్చు, ఆ దుమ్ము పిల్లలకు విషం.

ధర విషయంలో చిన్న ఉపాయం. అదే కొలతలో, మంచి టేకుతో కొత్తది చేయడానికి ఎంతవుతుందో మీ వడ్రంగిని అడగండి. షాపు ధరకు రిపేరు, రవాణా ఖర్చులు కలిపి దానితో పోల్చండి, బేరానికి కొలమానం దొరుకుతుంది.

రెండో జవాబు

పైన చెప్పినవన్నీ నిజం. మేం ఇలాంటి మంచం వాడుతున్నాం కాబట్టి గది గురించి చెబుతాను అమ్మా. పందిరి మంచాన్ని విప్పి మళ్లీ బిగించవచ్చో లేదో ముందు అడుగు. విప్పలేనిదైతే లిఫ్టులో పట్టదు. మీ గదికి ఫాల్స్ సీలింగ్ చేయించారా? చేయిస్తే కప్పు కిందికి దిగుతుంది, స్తంభాల ఎత్తుకూ ఫ్యాను రెక్కలకూ మధ్య ఎంత మిగులుతుందో కొలవాలి. పందిరి మీద గుడ్డ కప్పితే గాలి రాదు, ఉత్త చట్రంగా వదిలేస్తే ఇబ్బంది లేదు.

అందరూ మరచిపోయేది పరుపు. పాత మంచాల లోపలి కొలతలు ఇప్పటి పరుపులకు సరిపోవు, ఆర్డర్ ఇచ్చి చేయించాల్సిందే. మంచం ఎలాగూ ఎత్తు, దాని మీద పది అంగుళాల పరుపు వేస్తే మా అత్తగారు ఎక్కలేకపోయారు. ఐదారు అంగుళాల దూది పరుపు వేశాక సుఖంగా ఉంది.

అద్దం బీరువా తలుపు బరువుకు ముందుకు వాలే ప్రమాదం ఉంది. కాళ్ల కింద సన్నటి చెక్క ముక్కలు పెట్టి సమం చేసి, పిల్లలున్న ఇంట్లో పైభాగాన్ని గోడకు బిగించాలి. అద్దంలో నల్ల మచ్చలుంటే ఉండనివ్వు, మార్చకు. నన్నడిగితే మూడూ కాదు, ముందు పడక కుర్చీ ఒక్కటి తీసుకో. కేన్ తెగినా మళ్లీ అల్లించుకోవచ్చు, ఏ గదిలోనైనా ఒదుగుతుంది.

అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నల్ల కాగితం సంగతి షాపులో అడిగాను, ఒప్పుకున్నారు. ఆ షాపులోనే తెల్లటి పూలు పొదిగిన చిన్న పెట్టె కూడా ఉంది, విశాఖ పని అంటున్నారు. దాని సంగతీ, భోషాణం సంగతీ ఎవరైనా చెప్పండి.

మూడో జవాబు

పెట్టె ముట్టుకోకండి. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు కలప మీద ఏనుగు దంతం పొదిగి ఆంగ్లేయుల కోసం సామాను చేసేవారు, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా ఆ పని ఉంది. అంత గొప్ప పనే, కానీ దంతం క్రయవిక్రయాలు మన దేశంలో నిషేధం. వస్తువు ఎంత పాతదైనా సరే. పొదిగింది ఎముకో, ప్లాస్టిక్కో అయి ఉండవచ్చు, అయితే ఆ మాట అమ్మేవాళ్లు రాతపూర్వకంగా ఇవ్వకపోతే వద్దు.

భోషాణం విషయానికొస్తే, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. నూరేళ్లు నిండలేదనుకుంటే భారత పురావస్తు శాఖకు ఫోటోలతో దరఖాస్తు చేసుకోవాలి, వాళ్లు పరిశీలించి అది పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తారు. కలప ఏదో కూడా తేల్చుకోండి. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్ అయితే, 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉంది కాబట్టి వేరే అనుమతి కావాలి. చుట్టూ కట్టే చెక్క పెట్టెకు కూడా వేడితోనో మందు పొగతోనో శుద్ధి చేసినట్టు ముద్ర లేకపోతే అమెరికా రేవులో ఆపేస్తారు. ధ్రువపత్రం చేతికి రాకముందు ప్యాకర్స్‌కు అడ్వాన్స్ ఇవ్వవద్దని మీ అన్నయ్యకు చెప్పండి.