రేడియోలో జిల్లా వార్తలు మన యాసలో చదివితే తప్పేంటి?

పెన్నా గట్టు (నెల్లూరు):
2022లో వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉన్నప్పుడు మన నెల్లూరులో ఆకాశవాణి 10 కిలోవాట్ల ఎఫ్‌ఎం ప్రారంభించారు కదా, అప్పటి నుంచి మా అమ్మ వంటింట్లో పొద్దున్నే అదే మోగుతా ఉంటుంది. పాటలైతే సరే, వార్తలు రాగానే సౌండ్ తగ్గించేస్తుంది. ఎందుకమ్మా అంటే "వాళ్ళెవరో ఆఫీసర్లకి చెప్పుకుంటున్నట్టు ఉందిరా" అంది. ప్రైవేట్ ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, అంటే రేడియోలో వార్తలు కావాలంటే ఆకాశవాణే గతి. అందులో జిల్లా సంగతులు చెప్పే మనిషి "పిల్లలు" అనకుండా "పిలకాయలు" అంటే కొంపలు మునుగుతాయా?

ఒంగోలు గిత్త:
మునగవు గానీ, ఎవరి యాస అబ్బాయ్? సూళ్ళూరుపేట మాట ఉదయగిరిలో మాట్లాడరు. మా మార్కాపురం వైపు వింటే ఇంకోలా ఉంటుంది. 2022లో కందుకూరుని నెల్లూరు జిల్లాలో కలిపారు, తెల్లారేసరికి వాళ్ళ మాట మారిందా? పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్ ఢిల్లీ నుంచి ఆకాశవాణి తెలుగు వార్తలు చదివితే శ్రీకాకుళంలోనూ అర్థమైంది, చిత్తూరులోనూ అర్థమైంది. ఆ గొంతులు విని తెలుగు నేర్చుకున్నోళ్ళం మేము. యాస కావాలంటే నాటకంలో పెట్టుకోండి, వార్తల్లో వద్దు.

మైకు ముందు మనిషి:
ఒక స్టేషన్‌లో (పేరు చెప్పను) క్యాజువల్ ప్యానెల్ మీద (అంటే పర్మనెంట్ కాదు, అవసరమైనప్పుడు పిలిచే వాళ్ళ జాబితా) కొన్నేళ్ళు వార్తలు చదివాను. నెలకి ఆరు డ్యూటీలకి మించి వెయ్యరు, ఏ డ్యూటీకి ఆ డబ్బులే, కాబట్టి ఇదేదో గొప్ప ఉద్యోగం అనుకోకండి. బయటి వాళ్ళకి తెలియనిది ఏంటంటే మా పని సగం చదవడం, సగం అనువాదం. కాపీ, అంటే మేం చదవాల్సిన వార్తల రాత, చాలాసార్లు ఇంగ్లీషులో వస్తుంది, టైం దగ్గర పడుతుంటే గబగబా తెలుగు చేసుకుని, ఇంకా సిరా ఆరని కాగితం పట్టుకుని స్టూడియోలోకి పరిగెత్తాలి. మన జిల్లా తెలియని వాళ్ళకి అసలు ప్రమాదం అక్కడే. కలువాయిని ఇంగ్లీషులో రాసే తీరు చూసి మా వాళ్ళొకరు "కలువోయ" అని చదివేశారు. విడవలూరు సంగతి అయితే చెప్పలేను, ఇంగ్లీషు అక్షరాల్లో "డ"కీ "ద"కీ తేడా ఉండదు కదా, మీరే ఊహించుకోండి! ఆ రోజు ఫోన్లు ఆగలేదు. యాస ఉందా లేదా అని ఒక్కరూ అడగలేదు, మా ఊరి పేరు అట్ట ఎట్ట చదువుతారు అని తిట్టారు.

పెన్నా గట్టు (నెల్లూరు):
అన్నా, నేను చెప్పేదీ అదే కదా, మన ఊళ్ళు తెలిసిన మనిషి కావాలని.

మైకు ముందు మనిషి:
ఊళ్ళు తెలిసిన మనిషి వేరు, యాస వేరు తమ్ముడూ. 2021 నవంబర్ వరదలు గుర్తున్నాయా? సోమశిల గేట్లు ఎత్తారు, పెన్నా పొంగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు దగ్గర హైవే తెగింది. అట్లాంటి రాత్రి కరెంటు పోయి సెల్ టవర్లు పని చెయ్యకపోతే బ్యాటరీ రేడియోనే దిక్కు. అప్పుడు "సోమశిల నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు విడుదల" అని ఎంత శుద్ధంగా చదివినా, ఎంత యాసలో చదివినా, గట్టు కింద ఉన్న ముసలామెకి ఏం అర్థమవుతుంది? ఏయే ఊళ్ళ వాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యాలో, ఏ దారి మూసేశారో చెప్పాలి. క్యూసెక్కులు తర్వాత చెప్పుకోవచ్చు. నేనలా వరస మార్చి రాస్తే, కాపీలో ఉన్న వరసలోనే చదవమని ఒకసారి మందలించారు కూడా.

ఒంగోలు గిత్త:
ఆ వరస విషయంలో మీతో ఒప్పుకుంటా. "పిలకాయలు" మాత్రం ఒప్పుకోను.

పెన్నా గట్టు (నెల్లూరు):
మీరు ఒప్పుకోకపోయినా మా అమ్మ సౌండ్ తగ్గిస్తానే ఉంటుంది సార్.

మైకు ముందు మనిషి:
తగ్గించనీ. ఈసారి వాన పడ్డప్పుడు తగ్గిస్తుందో పెంచుతుందో చూసి చెప్పు.