కలహారిలో రెండు దేశాల పార్కు: వైజాగ్ నుంచి పిల్లలతో వెళ్లడం ఎలా?

ఎంవీపీ శ్రావణి:
అందరికీ నమస్తే. వచ్చే వేసవి సెలవుల్లో కలహారి ఎడారిలోని క్గలగాడి ట్రాన్స్‌ఫ్రాంటియర్ పార్కుకి వెళ్లాలని మా ఇంట్లో అందరం పట్టుదలగా ఉన్నాం. పాపకి పదమూడేళ్లు, బాబుకి తొమ్మిది. జీపు వెనక జీపు పరుగెత్తే సఫారీలు మాకు చాలు, ఈసారి మా బండి మేమే నడుపుకుంటూ నిదానంగా తిరగాలనుంది. ఇక్కడ ట్రావెల్ ఏజెంట్‌ని అడిగితే ఆ పేరే వినలేదన్నారు, దక్షిణాఫ్రికాలోనే ఉన్న ఇంకో పార్కు, క్రూగర్ ప్యాకేజీ తీసుకోండి అంటున్నారు.

పార్కు సగం దక్షిణాఫ్రికాలో, సగం బోత్స్వానాలో ఉందట కదా, మరి రెండు వీసాలూ కావాలా? మా ఆయన అరకు ఘాట్‌లో కూడా బాగానే నడుపుతారు గానీ ఇసుకలో ఎప్పుడూ నడపలేదు, మామూలు కారు సరిపోతుందా? మేం శాకాహారులం, తిండి సంగతేంటి? మలేరియా అంటే అత్తయ్యగారికి ఒకటే టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

సీతమ్మధార రఘు:
శ్రావణి గారూ, ముందు ఒక్కటి తేల్చుకోండి. లోపలికి వెళ్లిన దేశంలోకే మళ్లీ బయటికి వస్తారా, లేక ఇంకో దేశంలోకి దిగుతారా? కాగితాల పనంతా దాన్ని బట్టే ఉంటుంది. దక్షిణాఫ్రికా వైపు ట్వీ రివీరెన్ గేటులో వెళ్లి అక్కడికే తిరిగొస్తే ఆ దేశం వీసా ఒక్కటి చాలు. లోపల రెండు దేశాలకీ మధ్య కంచె లేదు. చాలా దూరం సరిహద్దంటే నోసోబ్ అనే ఎండిపోయిన ఏరే, మీరు నడిపే మట్టిరోడ్డు ఆ ఏటి వెంబడే మెలికలు తిరుగుతూ పోతుంది. జంతువులు ఎటు కావాలంటే అటు వెళ్తాయి, ఆ పార్కు పెట్టిందే అందుకు. దక్షిణాఫ్రికా భాగం 1931లో, బోత్స్వానా భాగం 1938లో వేర్వేరుగా మొదలయ్యాయి. 1999 ఏప్రిల్లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి, 2000 మేలో అప్పటి అధ్యక్షులు మొగాయి, ఎంబెకి కలిసి ప్రారంభించారు. సగం సగం కాదండి, సుమారు 38,000 చదరపు కిలోమీటర్లలో ముప్పావు వంతు బోత్స్వానాదే. మన పాత ఉమ్మడి విశాఖ జిల్లాకి మూడు రెట్లు పైనే.

అటు నుంచి బోత్స్వానాలోకో, మాటా-మాటా గేటు దాటి నమీబియాలోకో వెళ్లాలనుకుంటే మాత్రం ఆ దేశం వీసా సంగతి చూసుకోవాలి, పాస్‌పోర్టుల మీద ముద్రలు వేయించుకోవాలి, పార్కులో కనీసం రెండు రాత్రుల బుకింగ్ చూపించాలి. తిరుగు విమానం దక్షిణాఫ్రికా నుంచే అయితే దక్షిణాఫ్రికా వీసా మల్టిపుల్ ఎంట్రీ, అంటే మళ్లీ లోపలికి రానిచ్చేది, ఉండాలి. పిల్లలతో మొదటిసారి కాబట్టి వెళ్లిన గేటులోనే వెనక్కి రండి, నా మాట వినండి.

బండి విషయానికొస్తే, దక్షిణాఫ్రికా వైపు ప్రధాన రోడ్లకి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి) అక్కర్లేదు గానీ నేలకి బాగా ఎత్తుగా ఉన్న బండి తీసుకోండి, సెడాన్ వద్దు. రోడ్డంతా గాడులు పడి బట్టలుతికే బండలా గరగరలాడుతుంది, అందుకే గేటు దాటగానే టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తారు, అది తగ్గిస్తే ఇసుకలో పట్టు కూడా దొరుకుతుంది. వేగం గంటకి 50 దాటకూడదు. ట్వీ రివీరెన్ నుంచి నోసోబ్ క్యాంపు 160 కిలోమీటర్లే, అయినా ఆగుతూ చూస్తూ వెళ్తే పూట గడిచిపోతుంది. చీకటి పడేలోపు క్యాంపులో ఉండి తీరాలి. బోత్స్వానా వైపు లోపలి దారులు ఫోర్ బై ఫోర్‌కే, కొన్నిటికి రెండు బళ్లు కలిసి వెళ్లాలనే నియమం కూడా ఉంది, ఈసారికి అవి వదిలేయండి. అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు.

పెదవాల్తేరు లక్ష్మి:
అమ్మా శ్రావణీ, తిండి గురించి బెంగ పెట్టుకోకు. చివరి పెద్ద ఊరు అపింగ్టన్, అక్కణ్ణుంచి గేటుకి రమారమి 250 కిలోమీటర్లు. బియ్యం, పప్పు, కూరగాయలు, పెరుగు అన్నీ అక్కడి సూపర్‌మార్కెట్‌లోనే కొనేసుకో, లోపల క్యాంపు షాపుల్లో మాంసం, కట్టెలు, డబ్బా సరుకులే ఎక్కువ. గదుల్లో గ్యాస్ స్టవ్వు, గిన్నెలు, ఫ్రిజ్ ఉంటాయి. రైస్ కుక్కర్ మోసుకెళ్లొద్దు, అన్నిచోట్లా రోజంతా కరెంటు ఉండదు. తాగే నీళ్లు మాత్రం పెద్ద క్యాన్లు కొని బండిలో పడేసుకోండి, లోపలి నీళ్లు ఉప్పగా ఉంటాయి.

వేసవి సెలవులంటున్నావు కాబట్టి చెప్తున్నా, మనకి మే నెల ఎండలప్పుడు వాళ్లకి చలికాలం మొదలవుతుంది. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం లంబసింగి చలే. జూన్, జూలైలో సున్నా కిందకి దిగుతుంది. పిల్లలకి స్వెట్టర్లు, మంకీ క్యాపులు తప్పనిసరి. డిసెంబరు, జనవరిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు పిల్లలతో అసలొద్దు. ఇంకోటి, కంచె లేని చిన్న చిన్న వైల్డర్‌నెస్ క్యాంపులుంటాయి, చాలావాటిలో పన్నెండేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. మీ బాబు కోసం ట్వీ రివీరెన్, నోసోబ్, మాటా-మాటా క్యాంపులు చూసుకో, మూడింటికీ కంచె ఉంది, మూడుచోట్లా పెట్రోలు దొరుకుతుంది. మలేరియా బెడద అక్కడ లేదు, అది క్రూగర్ వైపు. అయినా మీ డాక్టర్ని ఒక మాట అడుగు, అత్తయ్యగారి మనసు కుదుటపడుతుంది.

భీమిలి పిట్టల పిచ్చి:
ఏనుగులు, అడవి దున్నలు ఉంటాయనుకుని వెళ్లకండి, అక్కడ ఉండవు. నల్ల జూలు సింహాలు, చిరుతలు, చీతాలు, బాణాల్లాంటి కొమ్ములున్న జెమ్స్‌బాక్‌లనే పెద్ద జింకలు ఉంటాయి. వాటికోసం ఊరికే తిరగక్కర్లేదు, నీటిగుంట దగ్గర ఇంజిన్ ఆపేసి కూర్చోండి, నోసోబ్ క్యాంపులో అయితే గుంట పక్కనే చాటుగా కూర్చుని చూసే గది ఉంది. ఏటి ఒడ్డున ముళ్ల తుమ్మల మీద గడ్డివాముల్లా వేలాడేవి పిచ్చుకంత పిట్టల గూళ్లు. పిల్లల్ని గూడు కిందివైపు చూడమనండి, అన్నీ బొక్కలే, ఒక్కో బొక్క ఒక్కో కాపురం, వందకి పైగా పిట్టలుంటాయి ఒక్క గూట్లో. హనీ బాడ్జర్ అనే చిన్న జంతువు నేల తవ్వుతుంటే పక్కనే ఒక డేగ కాచుక్కూచుంటుంది, కలుగులోంచి తప్పించుకుని పైకొచ్చిన ఎలుకని ఎత్తుకెళ్లడానికి. అది కనబడితే సింహాన్ని వదిలేసి అక్కడే ఆగండి. నేల మీద అడవి పుచ్చకాయలు పడి ఉంటాయి, నీళ్లు లేని రోజుల్లో జంతువులకి అవే నీళ్లు. అక్కడి ఆదివాసులు, సాన్ జనాలకీ అంతే. పార్కు పేరుతో వాళ్లని ఆ నేల మీంచి వెళ్లగొట్టారు, 1999లో గానీ వాళ్ల భూమి హక్కుని ఒప్పుకోలేదు. 2017లో యునెస్కో ఆ ప్రాంతాన్ని వాళ్ల తెగ పేరు మీద కోమానీ సాంస్కృతిక ప్రదేశంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లతో జాడలు చదువుతూ నడిచే అవకాశం దొరికితే వదలొద్దు, పిల్లలకి పుస్తకాల్లో అది దొరకదు.

ఖర్చు మరీ ఎక్కువనిపిస్తే మన జైసల్మేర్ డెజర్ట్ నేషనల్ పార్కు చూడండి. అది సరిహద్దు దాటదు గానీ, కర్నూలు వైపు రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేకపిట్టలకి ఇప్పుడు అదే పెద్ద ఆసరా. అక్కడికి చలికాలంలోనే వెళ్లాలి.

ఎంవీపీ శ్రావణి:
అందరికీ చాలా థాంక్స్. వెళ్లిన గేటులోనే వెనక్కి వచ్చేస్తాం. బుకింగ్ ఎంత ముందు చేయాలి? అడిస్ అబాబా మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా అంటున్నారు, నిజమేనా?

సీతమ్మధార రఘు:
పదకొండు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు, నోసోబ్ త్వరగా అయిపోతుంది, ముందు అది పట్టుకుని మిగతా రాత్రులు దాని చుట్టూ సర్దుకోండి. టీకా విషయం నిజమే. ఇథియోపియాలోనో కెన్యాలోనో 12 గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికాలో సర్టిఫికెట్ అడుగుతారు, దుబాయ్ మీదుగా వెళ్తే ఆ బాధ లేదు. వేయించుకోవాలంటే మన పోర్ట్ హెల్త్ ఆఫీసులోనే వేస్తారు, వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. వీసాకి పిల్లల బర్త్ సర్టిఫికెట్లు కావాలి, తల్లిదండ్రులిద్దరి పేర్లూ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, తేడా ఉంటే జీవీఎంసీలో సరిచేయించడానికి టైం పడుతుంది.