‘తను’ ఒక్కటే చాలుతుందా? ఒక బొమ్మల నవల చదివిన తరువాత

‘తను’ అనే మాటకు ఆడ, మగ తేడా లేదు కాబట్టి క్వియర్ సాహిత్యాన్ని, అంటే స్వలింగ ప్రేమికులు, హిజ్రాలు వంటివారి జీవితాలను చెప్పే రచనలను, తెలుగులోకి తెచ్చేవారికి అదొక్కటి ఉంటే చాలునని అనువాదాల మీద సాగుతున్న ఈ చర్చలో ఇద్దరు ముగ్గురు సభ్యులు రాశారు. చాలదని నా అభిప్రాయం. అమృతా పాటిల్ రాసి, బొమ్మలు కూడా తానే గీసిన ‘కారి’ (2008) అనే ఇంగ్లీషు గ్రాఫిక్ నవలను మనసులో తెలుగు చేసుకుంటూ చదివినప్పుడు ఆ సంగతి బోధపడింది.

ఈ సాహిత్యంలో నేను మొదట చదివింది ఎ. రేవతి గారి ఆత్మకథ. పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’ పేరుతో చేసిన అనువాదానికి 2019 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఆ వార్త చూసే పుస్తకం తెప్పించుకున్నాను. అది చదివాక రచయిత్రి మీద గౌరవం కలిగింది. ‘కారి’ చదివితే మాత్రం భయం వేసింది, ఎందుకంటే అందులోని మనిషి నాకు మరీ దగ్గర. అద్దె ఇంట్లో తోటి అమ్మాయిలతో సర్దుకుపోతూ, రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తూ, ప్రేమించి దూరమైపోయిన రూత్ అనే అమ్మాయిని లోలోపల మోసుకుంటూ తిరిగే ఆ మనిషి ముఖం నలుపు తెలుపు గీతల్లో చూస్తుంటే, ఎవరో నా అనుమతి అడగకుండా నన్ను గీసినట్టనిపించింది.

ఇక వ్యాకరణం సంగతి. కారి తన కథ తానే చెబుతుంది. హిందీలోకి తేవాలంటే మొదటి క్రియ దగ్గరే ‘గయా’ అనాలో ‘గయీ’ అనాలో తేల్చుకోవాలి. తెలుగులో ‘వెళ్లాను’ అంటే సరిపోతుంది. చిక్కల్లా ఇతరులు కారి గురించి మాట్లాడేటప్పుడే వస్తుంది. ‘తను’ అని మొదలుపెట్టినా వాక్యం చివర ‘వచ్చాడు’ అనో ‘వచ్చింది’ అనో తేల్చక తప్పదు. ‘వచ్చారు’ అంటే ఆ గొడవ తీరుతుంది గాని, ఒకే ఇంట్లో ఉండే ఈడు పిల్లలు ఒకరి గురించి ఒకరు అలా మాట్లాడుకోరు. కారిని ‘ఆమె’ అనడం తప్పేమీ కాదు; కాకపోతే బొమ్మలో తేలకుండా ఉన్నదాన్ని ఆ మాట ముందే తేల్చేస్తుంది.

అయితే మన భాషలోనే రెండు దారులున్నాయి. ‘రాలేదు’, ‘తినలేదు’ అన్నప్పుడు ఎవరు రాలేదో, ఎవరు తినలేదో క్రియ చెప్పదు. (జరగబోయేదానికి ఈ సదుపాయం లేదు, ‘రాడు’, ‘రాదు’ మళ్లీ ఎదురవుతాయి.) రెండోది ఇంకా పెద్ద దారి. ‘తనకు ఆకలి వేసింది’ అన్నప్పుడు ‘వేసింది’ అనే క్రియ ఆకలిని అనుసరిస్తుంది తప్ప ఆకలిగొన్న మనిషిని కాదు. ఇష్టం, భయం, కోపం, గుర్తు, తెలియడం, నచ్చడం అన్నీ ఈ దారిలోనివే. మనిషి చేసిన పనిని చెప్పేటప్పుడు ఆడా మగా అని పట్టుబట్టే తెలుగు, మనిషికి కలిగినదాన్ని చెప్పేటప్పుడు ఆ ఊసే ఎత్తదు. ‘తనకు రూత్ అంటే ఇష్టం’ అనే వాక్యంలో దాచిందీ లేదు, బయటపెట్టిందీ లేదు.

ఇది పండితులు కల్పించిన ఉపాయం కాదు. అమలాపురంలో ఒక క్షౌరశాలకు నేను మొదటిసారి వెళ్లినప్పుడు, ‘ఎవరికండీ కటింగు?’ అంటూ యజమాని నా వెనక పిల్లాడెవరైనా ఉన్నాడేమోనని వెతికాడు. నాకేనన్నాను. ఒక్క క్షణం నా వంక చూసి, లోపలున్న కుర్రాడితో ‘తనకంటరా, గుడ్డ కప్పు’ అన్నాడు. అంతకంటే చక్కని అనువాదం నేనింతవరకు చదవలేదు.

మిగిలిపోయిన ఒక మాట మీద సభ్యుల సలహా కావాలి. కథ మొదట్లో కారి, రూత్ భవనాల మీది నుంచి దూకుతారు. రూత్‌ను వల కాపాడితే, కారిని నగరపు మురుగు కాలువ కాపాడుతుంది. ఆ ఋణం తీర్చుకోవడానికి కారి రాత్రిపూట ఆ కాలువలో పడవ నడుపుతుంది. ‘పడవవాడు’ అనలేను. ‘నావికురాలు’ అంటే గ్రాంథికంగా ఉంది. ‘సరంగు’ అంటే ఎలా ఉంటుంది?

నరసాపురం నుంచి ఒక సభ్యుని స్పందన: సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బళ్లను గోదావరి దాటించే పెద్ద పడవ) చుక్కాని పట్టేవారిని మేము సరంగు అంటామండి. పంటుకైనా, లాంచీకైనా ఆ మాట నప్పుతుంది. తెడ్డు వేసుకొని ఒంటరిగా వెళ్లే చిన్న పడవకు సరంగు ఎక్కడిదండీ? కళాసీ అనడం మేలేమో ఆలోచించండి.

నా సమాధానం: మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే కళాసీ ఒకరి కింద, వారు చెప్పిన పని చేసే మనిషి. కారి పడవ మీద ఇంకెవరూ లేరు, ఎటు తిప్పాలో తానే తేల్చుకోవాలి. పారసీకంలోని ‘సర్‌హంగ్’ నుంచి వచ్చిన సరంగు అనే మాటలో ఆ అధికారం ఉంది, ఆడా మగా అన్న తేడా లేదు. పడవ చిన్నదైనా సరే, ప్రస్తుతానికి ‘సరంగు’ అనే ఉంచుతున్నాను.