'లా బయదేర్'లో గోల్కొండ: అవమానం తీసేస్తూ దేవదాసినీ తీసేయాలా?

టోలిచౌకి_డాబా (చర్చ మొదలుపెట్టినవారు)
మా డాబా ఎక్కితే గోల్కొండ కోట కనిపిస్తుంది. అందుకే ఈ విషయం నన్ను వదలడం లేదు. 1877లో రష్యాలో మారియస్ పెటిపా కూర్చిన 'లా బయదేర్' అనే బ్యాలేలో రాజు ఎవరో తెలుసా? గోల్కొండ రాజా! పేరు దుగ్మంత. గుడిలో నాట్యమాడే నికియా, యోధుడు సోలర్ ప్రేమించుకుంటారు. రాజు తన కూతుర్ని సోలర్‌కి ఇవ్వాలనుకుంటాడు. ప్రధాన పూజారి కన్ను నికియా మీద ఉంటుంది. చివరికి పూలబుట్టలో దాచిన పాము కరిచి ఆమె చనిపోతుంది. హిందూ గుడి ముందు మంట చుట్టూ ఫకీర్లు గెంతుతుంటారు. ఇందులో మన దేశం ఎక్కడుందో నాకు కనిపించలేదు.

2024లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ బ్యాలే బృందం దీన్ని కొత్తగా చేసింది. ఫిల్ చాన్, డగ్ ఫులింగ్టన్ కలిసి కథని 1930ల హాలీవుడ్‌కి, ఒక సినిమా సెట్ మీదకి మార్చారు. గుడి లేదు, పూజారి లేడు, కౌబాయ్‌లు వచ్చారు. మొదటి బ్యాలేకి మింకస్ కూర్చిన సంగీతం మాత్రం ఉంది. పాత నొటేషన్‌లో (అడుగులు రాసిపెట్టుకున్న గుర్తుల్లో) దొరికిన నాట్యాన్ని కూడా వాడుకున్నారు.

వాళ్ల ఉద్దేశం మంచిదే, అది ఒప్పుకుంటాను. కానీ 'బయదేర్' అంటేనే మన గుడి నర్తకి. 1838లో పాండిచ్చేరి దగ్గర తిరువేంద్రిపురం నుంచి నిజమైన దేవదాసీలు పారిస్ వెళ్లి స్టేజి మీద ఆడారు. వాళ్లలో అమ్మణి అనే ఆమె గురించి కవి గోతియే ఎంతో ఇష్టంగా రాశాడు. అవమానాన్ని తీసేస్తూ ఆ మనిషిని కూడా తీసేస్తే ఎలా? మీరేమంటారు?

గజ్జెల_చప్పుడు
నేను ఒప్పుకోనండీ. కూకట్‌పల్లిలో పదిహేడేళ్లుగా పిల్లలకి కూచిపూడి నేర్పిస్తున్నాను. ఒకసారి ఒక కార్యక్రమం కోసం ఫ్యూజన్ ఐటమ్ చేయమన్నారు. పాశ్చాత్య నృత్యం చేసే అమ్మాయిలకి నాలుగు వారాల్లో అలపద్మం, కటకాముఖం లాంటి చేతి ముద్రలు నేర్పాను. స్టేజి మీద చూస్తే ఆ చేతులకి అర్థమే లేదు, అలంకారానికి తగిలించినట్టు ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనం అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి, సగం కూర్చుని పాదంతో నేలని కొడతాం. బ్యాలే వాళ్లు మునివేళ్ల మీద లేచి నేలని వదిలేయాలని చూస్తారు. రెండూ గొప్పవే. కానీ దేవదాసి అభినయం పదేళ్లు సాధన చేస్తే గానీ కళ్లలోకి రాదు. అది రాని చోట నికియాకి చీర కట్టి 'ఇదే అసలైన ఇండియా' అంటే పాత తప్పునే మళ్లీ చేసినట్టు. దానికన్నా హాలీవుడ్డే నయం. కనీసం వాళ్లకి తెలిసిన ఊరు.

మూడో_వరుస_సీటు
నాదొక్కటే కోరిక. ఈ బ్యాలేలోని ఛాయల దృశ్యం జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. సోలర్ నల్లమందు మత్తులో కనే కలలో 32 మంది తెల్లబట్టల అమ్మాయిలు ఒక్కొక్కరే వాలు మీద నుంచి అదే భంగిమతో దిగి వస్తారు. వీడియోలో చూస్తేనే నాకు ఏడుపొచ్చింది. మిగతాది ఎంతైనా మార్చుకోండి, ఎలాగూ మారుతూనే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టే ఆ బంగారు విగ్రహం నాట్యం పెటిపాది కానే కాదు, 1948లో లెనిన్‌గ్రాడ్‌లో కలిపారు.

గోదారి_ఇల్లు
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మమ్మది తూర్పు గోదావరిలో కళావంతుల కుటుంబం, అంటే మన వైపు దేవదాసీల కుటుంబం. 1947లో దేవదాసీ పద్ధతిని నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చాక ఆమె గజ్జెలు పెట్టెలోకి పోయాయి. చట్టం ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, ఆ జీవితంలోని బాధ కూడా ఇంట్లో విన్నాను. కానీ ఆమె కూర్చునే, కళ్లతో, చేతులతో క్షేత్రయ్య పదం (అభినయానికి రాసిన ప్రేమ పాట) పట్టేది. ఒక్క పల్లవికి ఇన్ని అర్థాలా అనిపించేది. మల్కాజిగిరిలో మా పక్కవాళ్లకి ఇదేమీ తెలియదు. అమ్మ చెప్పొద్దంది.

గజ్జెల చప్పుడు గారూ, మీరన్నది సబబే. అయినా నా మాట వినండి. ఆ బ్యాలేలో పూజారి వెంటపడే దృశ్యం చూసి నాకు కోపం రాలేదు, అలాంటివి జరిగాయి. కోపం వచ్చింది నికియాకి విద్య లేకపోవడం చూసి. అందంగా ఉంటుంది, ప్రేమిస్తుంది, చనిపోతుంది. మా అమ్మమ్మకి సంగీతం వచ్చు, తెలుగు, సంస్కృతం చదవడం వచ్చు. కౌబాయ్ కథలో ఆ విద్య గురించి ఎవరు అడుగుతారు?

గజ్జెల_చప్పుడు
అక్కా, ఈ కోణం నేను ఆలోచించలేదు. ఫ్యూజన్ వద్దనే మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ నేర్పించే మనిషినే ముందు పిలిచి, ఆమె ఎదురుగా కథ మొదలుపెడితే అది వేరే సంగతి. నటరాజ రామకృష్ణ గారు ఆంధ్రనాట్యాన్ని, అంటే మన దేవదాసీల నాట్యాన్ని, మళ్లీ నిలబెట్టింది కళావంతుల దగ్గర కూర్చుని నేర్చుకునే కదా.

టోలిచౌకి_డాబా
అక్కా, మీరు క్షేత్రయ్య పేరు ఎత్తగానే నాకు మేరువ పదం గుర్తొచ్చింది. గోల్కొండ పాదుషా దగ్గర 1500 పదాలు చెప్పానని క్షేత్రయ్య అందులో చెప్పుకున్నాడు. అంటే అసలు గోల్కొండ కొలువులో పదం వినిపించింది! పూలబుట్ట అందుకునే ముందు నికియా ఒంటరిగా చేసే నెమ్మదైన నాట్యం ఒకటుంది. అక్కడ బ్యాలే ఆగి, అడుగు తీసి అడుగు వేయకుండా ఒక్క పదానికి అభినయం పడితే ఎలా ఉంటుంది? హాలీవుడ్‌కి వెళ్లే ముందు ఇది ప్రయత్నించాల్సిందని నా వాదన. మీ అమ్మమ్మ గారు ఎక్కువగా పట్టిన పదం ఏదో గుర్తుంటే ఇక్కడ రాయండి.

గోదారి_ఇల్లు
అమ్మని అడిగి చెబుతాను. ఈసారి చెబుతుందనే అనుకుంటున్నాను.