సిన్‌సిన్‌వార్ అనే గోత్రం ఎక్కడిది? మా కోడలి పుట్టింటి వాళ్ల గురించి

గోదావరిగట్టు:
నమస్తే అండి. మా అబ్బాయి పోయిన మాఘంలో తనతో పనిచేసే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. వాళ్లది రాజస్థాన్‌లో డీగ్ దగ్గర పల్లె, జాట్ కులం వాళ్లు. పెళ్లి మాటలప్పుడు గోత్రం అడిగితే వాళ్ల నాన్నగారు "సిన్‌సిన్‌వార్" అన్నారు. నేను కాశ్యపస, భారద్వాజస లాంటిది ఏదో చెబుతారనుకున్నాను. మళ్లీ అడిగినా అదే మాట. పైగా ఆయన మా ఇంటిపేరుతో ఆగకుండా నా పుట్టింటి పేరు, మా అత్తగారి పుట్టింటి పేరు కూడా అడిగి కాగితం మీద రాసుకున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

కోడలికి ఇప్పుడు ఏడో నెల. పుట్టే బిడ్డకు తల్లి వైపు కథ కూడా చెప్పాలని నా కోరిక. కోడలేమో "మాది కృష్ణుడి వంశం అత్తయ్యా" అంటుంది. వాళ్ల బాబాయి రాజపుత్రుల నుంచి వచ్చామంటారు. ఏది నమ్మాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
అమ్మా, నేను భరత్‌పూర్‌లో పదకొండేళ్లు టీచరుగా పనిచేశాను. నా క్లాసులో ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురైనా సిన్‌సిన్‌వార్ పిల్లలు ఉండేవాళ్లు. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

జాట్‌ల గోత్రం ఋషి పేరు కాదు. మన ఇంటిపేరుకే అది దగ్గర. మనకు ఊరి పేరు ఇంటిపేరు అయినట్టే, సిన్సినీ ఊరి వాళ్లు సిన్‌సిన్‌వార్లు. ఆ ఊరు డీగ్‌కు దక్షిణంగా, కుమ్హేర్ వైపు ఉంది. ధోల్‌పూర్ రాజులూ అంతే, ఆగ్రా దగ్గర బమ్రౌలీ నుంచి వచ్చారు కాబట్టి బమ్రౌలియాలు.

ఇక మీ వియ్యంకుడు రాసుకున్న మూడు పేర్లు. వాళ్లలో సొంత గోత్రం, తల్లి గోత్రం, నాయనమ్మ గోత్రం వదిలిపెట్టి సంబంధం చూస్తారు. ఒకే ఊరి పిల్లలైతే గోత్రాలు వేరైనా అన్నాచెల్లెళ్ల కిందే లెక్క. ఆయన మీ ఇంటిని కూడా తన ఇంటి పద్ధతిలోనే చూసుకున్నారు. నాకైతే అది గౌరవంగానే అనిపించింది.

కృష్ణుడి సంగతి. భరత్‌పూర్ కోటలో జవాహర్ బుర్జు దగ్గర ఒక ఇనుప స్తంభం ఉంది. దాని మీద సిన్‌సిన్‌వార్లే అయిన భరత్‌పూర్ రాజుల వంశావళి చెక్కారు, అది కృష్ణుడి నుంచి మొదలవుతుంది. నేను పిల్లల్ని తీసుకెళ్లిన ప్రతిసారీ సిన్‌సిన్‌వార్ పిల్లలు ఆ పేర్ల మీద వేలు పెట్టి చదివేవాళ్లు. బాబాయి గారి మాటకూ ఒక కథ ఉంది. బాల్‌చంద్ అనే జాదౌన్ రాజపుత్రుడికి ఒక జాట్ స్త్రీ వల్ల పుట్టిన కొడుకులను రాజపుత్రులు కలుపుకోలేదట, వాళ్లు జాట్‌లుగానే ఉండి ఊరి పేరు పెట్టుకున్నారట. జాదౌన్లు కూడా కృష్ణుడి యదువంశమే అంటారు కాబట్టి రెండు కథలూ ఒకచోటే కలుస్తాయి. రాజ్యం వచ్చాక రాజుకు తగ్గ వంశం కావాలి, ఈ కథలకు అప్పుడే బలం వచ్చిందని నా అభిప్రాయం. ఊరి పేరు మాత్రం ఎవరూ కల్పించాల్సిన పని లేదు, అది ఇప్పటికీ మ్యాపులో ఉంది.

వాళ్ల అసలు చరిత్ర పొలం దగ్గర మొదలైంది. ఔరంగజేబు కాలంలో మథుర, ఆగ్రా చుట్టూ రైతులు తిరగబడ్డారు. 1669లో తిల్‌పత్ జమీందారు గోకులా లేచాడు, 1670 మొదట్లో ఆగ్రాలో చంపేశారు. ఆ తర్వాత నాయకత్వం సిన్సినీకి వచ్చింది. రాజారాం అడవుల మధ్య మట్టికోటలు కట్టించాడు, సోఘర్ ఊరి జాట్‌లను కలుపుకున్నాడు. 1688లో సికంద్రాలో అక్బర్ సమాధిని దోచాడు, అదే ఏడు జూలైలో యుద్ధంలో చనిపోయాడు. 1690లో మొఘల్ సైన్యం, ఆమేర్ రాజు కలిసి సిన్సినీ కోటను పట్టుకున్నారు. అంతటితో అయిపోవాల్సింది. కానీ రాజారాం తమ్ముడు చూడామన్ థూన్‌లో ఇంకో కోట కట్టుకుని మళ్లీ నిలబడ్డాడు. చివరికి కొడుకుతో గొడవపడి విషం మింగి చనిపోయాడు. 1722లో థూన్ పడింది. ఆమేర్ రాజు జైసింగ్ పక్షాన చేరిన, చూడామన్ సోదరుడి కొడుకు బదన్ సింగ్‌కు పెత్తనం దక్కింది, అతను డీగ్‌ను రాజధాని చేసుకున్నాడు. భరత్‌పూర్ రాజు సూరజ్‌మల్ అతని కొడుకే.

పాతనాణెం:
మాస్టారు చెప్పింది ఆ ఒక్క గోత్రం కథ. అంతకు ముందు జాట్‌లు ఎక్కడివాళ్లంటే, 8వ శతాబ్దంలో అరబ్బులు సింధ్‌కు వచ్చినప్పుడు అక్కడ పశువులు మేపుకునే జనంగా కనిపిస్తారు. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన అయిన్-ఇ-అక్బరీకి వచ్చేసరికి పంజాబ్, ఢిల్లీ వైపు జమీందార్ల జాబితాల్లో ఉన్నారు. ఆ మధ్య కాలంలో ఉత్తరానికి జరిగి సేద్యంలో స్థిరపడ్డారన్నమాట.

గోదావరిగట్టు:
మాస్టారూ, చదివి కోడలికి వినిపించాను. అక్బర్ సమాధి దోచుకోవడం విని మొహం చిన్నబుచ్చుకుంది. అది తనకెవరూ చెప్పలేదట. బిడ్డకు ఇది కూడా చెప్పాలా?

లెక్కల మాస్టారు:
చెప్పండమ్మా, కానీ ముందు వెనకలతో చెప్పండి. గోకులాను చంపిన తర్వాత జరిగింది అది. దాన్ని దాచి సూరజ్‌మల్‌ను మాత్రమే చూపిస్తే పిల్లలకు సగమే తెలుస్తుంది. సూరజ్‌మల్ గురించి మాత్రం రెండు సంగతులు తప్పకుండా చెప్పండి. 1754లో మరాఠాలు కుమ్హేర్ కోటను ముట్టడించినప్పుడు అహల్యాబాయి భర్త ఖండేరావు హోల్కర్ అక్కడే చనిపోయాడు. శత్రువైనా సూరజ్‌మల్ ఆయనకు ఛత్రి, అంటే స్మారక మండపం, కట్టించాడు. 1761లో పానిపట్టులో ఓడి ఆకలితో, గాయాలతో పారిపోయి వస్తున్న మరాఠా సైనికులకు తిండి, బట్ట, ఆశ్రయం ఇచ్చింది కూడా ఈ రాజ్యమే. ఏడేళ్ల కిందట కోటను ముట్టడించినవాళ్లకు అన్నం పెట్టారు. ఈ మాట క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతు మారిపోయేది.

మట్టికోటల గురించి కూడా చెప్పండి. 1805లో ఇంగ్లీషు సేనాని జనరల్ లేక్ భరత్‌పూర్ మీద నాలుగుసార్లు దాడి చేసినా లోపలికి రాలేకపోయాడు. ఫిరంగి గుండు రాతిని పగలగొడుతుంది, మట్టిలో మాత్రం దిగిపోయి ఆగిపోతుంది. 1826లో ఇంగ్లీషువాళ్లు గోడ కింద సొరంగం తవ్వి మందుగుండు పేల్చాకే అది పడింది.

యమునతీరం:
ఒక చిన్న సలహా. మీ కోడలి ఇంటి పెద్దలు అస్థికలు ఎక్కడ కలుపుతారో అడగండి. అటువైపు చాలామంది గంగా క్షేత్రాలైన సోరోన్‌కో హరిద్వార్‌కో వెళ్తారు. అక్కడి పండాల (తీర్థ పురోహితుల) దగ్గర ఊరి వారీగా బహీలు, అంటే వంశాల వివరాలు రాసే పుస్తకాలు, ఉంటాయి, ఎవరు ఎప్పుడు వచ్చారో, వాళ్ల తండ్రి తాతలెవరో రాసి పెడతారు. వెళ్లే ముందు ఊరి పేరు, గోత్రం, తాత పేరు రాసుకోండి.

గోదావరిగట్టు:
ఇప్పుడే ఫోన్ చేశాను. సోరోనే అట. వియ్యంకుడి తండ్రి పేరు బహీలో ఉందని, కోడలి పేరు మాత్రం ఇంకా ఎక్కలేదని చెప్పారు. ఆడపిల్లల పేర్లు రాయించుకోవచ్చా అని అడిగాను. పండాను కనుక్కుని చెబుతానన్నారు.