కాలనీలో మాయాబజారు వేస్తున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కర్టెన్‌తాడు: మా కాలనీ నాటక సమాజం ఈ సంక్రాంతికి మాయాబజారు వేస్తోంది. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే, పిల్లాపాపలతో వచ్చి చూసే నాటకం కావాలని పట్టుబట్టాం. మూడు సందేహాలు. విందు సీనులో లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి పోవాలి, ఎలా? డ్రెస్సులు అద్దెకు తేవాలా, కుట్టించాలా? హార్మోనిస్టు దొరకలేదు, కీబోర్డుతో నడుస్తుందా?

రెండో_కృష్ణుడు: అద్దెకే తెచ్చుకోండి, కానీ ముందురోజే తెప్పించండి. నిరుడు మాకు నాటకం రోజు సాయంత్రం ఆరింటికి పెట్టె వచ్చింది. కిరీటం నాకు రెండు వేళ్లు వదులు. లోపల తువ్వాలు కుక్కాను. పద్యం ఎత్తుకుని తల పైకెత్తగానే వెనక్కి జారింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకునే పద్యమంతా పాడాను. నాలుగు నెలలు సాధన చేసిన పద్యం. ఆ బాధ ఇంకా పోలేదు.

హార్మోనియం_మేష్టారు: కీబోర్డా? ముప్ఫై ఏళ్లుగా నాటకాలకు వాయిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, వద్దు. నటుడి గొంతు ఆ రాత్రి ఎలా ఉందో కనిపెట్టి శృతి దించేది హార్మోనిస్టే. రాగం మధ్యలో ఊపిరి అందకపోతే అందుకుని నిలబెట్టేదీ ఆయనే.

పాటపిచ్చి: కీబోర్డులో ఒక్క బటన్ నొక్కితే శృతి మారుతుంది మేష్టారూ. అయినా హార్మోనియం మాత్రం మనదా? యూరప్ నుంచి వచ్చిందే. గమకాలు పలకవని ఆకాశవాణి వాళ్లు 1940 నుంచి 1971 దాకా దాన్ని లోపలికే రానివ్వలేదు.

హార్మోనియం_మేష్టారు: ఆకాశవాణి కచేరీ వేరు, పందిట్లో నాటకం వేరు. మైకులు లేని రోజుల్లో చివరి వరుస దాకా శృతి వినిపించింది ఈ పెట్టే. మీరు ఒక్క రాత్రయినా వింగులో కూర్చున్నారా?

పాటపిచ్చి: కూర్చున్నాను. మా ఊళ్లో బలరాముడికి వన్స్‌మోర్ కొట్టారు. ఆయన ఆపినా హార్మోనిస్టు ఆపలేదు. పావుగంట రాగమే. ఘటోత్కచుడు వచ్చేసరికి రాత్రి పన్నెండయింది. వాడి కోసమే వచ్చిన పిల్లలంతా చాపల మీద నిద్రపోయారు. నా కూతురు కూడా. పొద్దున లేచి "ఘటోత్కచుడు వచ్చాడా నాన్నా" అని అడిగితే ఏం చెప్పాలి?

అమ్మమ్మగారిఊరు: రాగాన్ని ఏమీ అనకండి బాబూ. మా అమ్మమ్మ బండి కట్టించుకుని పొరుగూళ్లకు వెళ్లింది ఆ రాగం కోసమే. పిల్లలకు నిద్రొస్తే నాటకం ఏడింటికే మొదలుపెట్టండి. పద్యం కోయకండి.

భారతం_చదివినవాడు: అసలు ఈ కథ వ్యాసభారతంలో లేనే లేదు. అందులో అభిమన్యుడి భార్య ఉత్తర. కరపత్రంలో ఆ మాట వేయండి.

వింగులో_వనజ: మాయాశశిరేఖ ఎవరు వేస్తున్నారో ఎవరూ అడగలేదేం? నాటకానికి ప్రాణం ఆ పాత్రే. పైకి ఆడపిల్ల, లోపల ఘటోత్కచుడు. నేను రెండుసార్లు వేశాను. కొంగు సర్దుకుంటూ సిగ్గుపడి, ఆ వెంటనే లక్ష్మణకుమారుడి కాలు తొక్కి పట్టాలి. మా పిల్లలు ఎక్కువ కేకలు వేసింది అక్కడే.

రెండో_కృష్ణుడు: ఆ పాత్ర మగవాళ్లు వేస్తేనే రక్తి కడుతుందండీ. స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ వచ్చింది స్త్రీ పాత్రలు వేసే కదా.

వింగులో_వనజ: ఆయనకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆడవాళ్లను స్టేజీ ఎక్కనివ్వని రోజులవి. ఇప్పుడు మేమున్నాం. మీ సమాజంలో ఎంతమంది ఆడవాళ్లున్నారో చెప్పండి ముందు.

రెండో_కృష్ణుడు: ఇద్దరు. పిలిచినా రారు.

వింగులో_వనజ: రిహార్సల్ రాత్రి తొమ్మిదికి పెడితే ఎవరొస్తారు? ఆదివారం మధ్యాహ్నం పెట్టి చూడండి.

లింగంపల్లి_లోకల్: లడ్డూల సంగతి అందరూ మరిచిపోయారు. మా పక్కనే సురభి కాలనీ, చిన్నప్పటి నుంచి వాళ్ల నాటకాలు చూస్తూ పెరిగాను. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన కుటుంబాలవి. ట్రిక్కుల్లో వాళ్లను మించినవాళ్లు లేరు. మా కాలేజీలో మేం చేసింది చెబుతాను. నైలాన్ దారం వాడొద్దు, లైటు పడితే తళుక్కుమంటుంది. సన్న నల్లదారం, వెనక నల్ల పరదా, లైటు పక్క నుంచి. లడ్డూలు థర్మోకోల్‌వి, పసుపు రంగు వేసి. నోటి దాకా రాగానే నటుడు చెయ్యి అడ్డం పెట్టి ఒడిలోకి దించుకోవాలి. ఒక్కో దారానికి ఒక్కో మనిషి. మేం ఇద్దరితో లాగిస్తే దారాలు చిక్కుపడి, లడ్డూలు పళ్లెంలోంచి లేవనే లేదు.

కర్టెన్‌తాడు: నల్లదారం మాట బాగుంది, రేపే తెస్తాను. మేష్టారూ, హార్మోనియం గురించి నిజంగానే టెన్షన్‌గా ఉంది. మా బలరాముడిది చాలా తక్కువ శృతి.

హార్మోనియం_మేష్టారు: ఆయన పాడిన పద్యం ఒకటి రికార్డు చేసి పంపండి. విని చెబుతాను. దగ్గర ఊరయితే పెట్టె తీసుకుని నేనే వస్తాను. డబ్బులేం వద్దు.

పాటపిచ్చి: మేష్టారు వస్తే మంచిదే. వన్స్‌మోర్ ఒక్కసారే అని ముందే మాట్లాడుకోండి.

రెండో_కృష్ణుడు: తల చుట్టుకొలత టేపుతో కొలిచి డ్రెస్సులవాళ్లకు ఫోన్‌లో చెప్పండి. అందరివీ. భటులవి కూడా.