క్రిస్మస్‌కి 5.5 కిలోల టర్కీ కోడి, 48 లీటర్ల ఓటీజీ (కరెంటు ఓవెన్), 18 మంది: ఎలా కాల్చాలి?

అల్వాల్ కోడలు (డిసెంబర్ 17)

అందరికీ నమస్తే. టెన్షన్‌లో రాస్తున్నాను, పొడుగైతే ఏమనుకోకండి. ఈసారి క్రిస్మస్ భోజనం మా ఇంట్లో. అత్తమ్మ, బావగారి కుటుంబం, ఇద్దరు ఆడపడుచులు, పిల్లలు, అంతా కలిపి 18 మందిమి. ఎప్పుడూ మటన్ బిర్యానీ, చికెన్ ఫ్రై చేస్తాం, కానీ ఈ ఏడాది అత్తమ్మ టర్కీ కోడి అడిగారు. మామయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే రోజుల్లో పక్క క్వార్టర్స్‌లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబం ప్రతి క్రిస్మస్‌కి టర్కీ కాల్చి వీళ్ళకి ఒక పళ్ళెం పంపేవారట, మామయ్యకి అదంటే ప్రాణం. ఆయన మొన్న మార్చిలో పోయారు, ఆయన లేకుండా మాకు ఇదే మొదటి క్రిస్మస్. అందుకే ముక్కలు కొట్టించి కూర వండేయడం నాకు ఇష్టం లేదు, కోడి కోడిలాగే బల్ల మీదకి రావాలి.

శంషాబాద్ అవతల ఒక ఫామ్‌లో పెట్ట టర్కీని చెప్పి ఉంచాం, శుభ్రం చేశాక 5.5 కిలోలు వస్తుందన్నారు, 22న ఇస్తారు. నా భయమేంటంటే, పోయిన నెల ప్రాక్టీస్‌కని మామూలు కోడిని పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి 200 డిగ్రీల్లో పెడితే పైన బొగ్గులా మాడింది, తొడ దగ్గర కోస్తే ఎముక పక్కన ఎర్రగా ఉంది. కిలోన్నర కోడికే అలా అయితే దీని సంగతేంటి? ఎన్ని గంటలు పెట్టాలి, మసాలా ఏం పట్టించాలి? భోజనం ఒకటిన్నరకి.

ఉప్పల్ వాసు

తొమ్మిదేళ్ళు న్యూజెర్సీలో ఉన్నాను, అక్కడ నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కి ప్రతిసారీ మా ఇంట్లో కోడి నా చేతి మీదే, కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. మీ కోడి మాడింది మసాలా వల్ల, 200 డిగ్రీల వల్ల. పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి తందూర్‌లో పావుగంటకి బాగుంటాయి, మూడు గంటలు వేడిలో ఉంటే నల్లబడి చేదెక్కుతాయి. మసాలా చర్మం పైన కాదు, చర్మం కింద పెట్టండి. మెడ వైపు నుంచి వేళ్ళు లోపలికి పోనిచ్చి, రొమ్ము మీది చర్మాన్ని చిరగకుండా నెమ్మదిగా వదులు చేస్తే సంచిలా తెరుచుకుంటుంది. అందులో మెత్తని వెన్న, మిరియాల పొడి, నూరిన వెల్లుల్లి, కొత్తిమీర కలిపి పట్టించండి. పైన నూనె, మిరియాలు చాలు.

ఉప్పు మాత్రం ముందే పట్టించాలి, ఇది వదిలేస్తే ఎంత చేసినా రొమ్ము చప్పగా పిండిలా ఉంటుంది. కిలోకి 10 గ్రాముల లెక్కన మీకు 55 గ్రాములు, 23 ఉదయమే లోపలా బయటా రుద్ది ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టండి, చివరి రాత్రి ఏమీ కప్పకుండా వదిలేస్తే చర్మం ఆరి తర్వాత కరకరలాడుతుంది.

165 డిగ్రీల్లో ఆ సైజుకి మూడు నుంచి మూడున్నర గంటలు. ఓటీజీలో పై రాడ్ కోడికి మరీ దగ్గర, అందుకే అన్నిటికంటే కింది అర వాడి, మొదటి రెండు గంటలు కింది రాడ్ మాత్రమే వేయండి, రొమ్ము మీద ఫాయిల్ వదులుగా కప్పండి. చివరి గంటలో ఫాయిల్ తీసి రెండు రాడ్లూ వేస్తే రంగు వస్తుంది. గడియారాన్ని మాత్రం నమ్మొద్దు. మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఆన్‌లైన్‌లో వందల్లోనే దొరుకుతుంది, ఇవాళే ఆర్డర్ పెట్టండి.

మెట్టుగూడ ఆంటీ

అమ్మా, మామయ్య గారి సంగతి చదివి మనసు కదిలింది. మాది మెట్టుగూడే, ఆ పళ్ళేలు మా ఇంటికీ వచ్చేవి.

అన్నిటికంటే ముందు ఆ ఫామ్ వాళ్ళకి ఫోన్ చేసి 'చర్మంతోనే కావాలి, వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకండి, ముక్కలు కొట్టొద్దు' అని గట్టిగా చెప్పు. మన దగ్గర చెప్పకపోతే చర్మం లాగేసి ఇస్తారు, చర్మం లేని టర్కీని కాలిస్తే చెక్కలా అవుతుంది. ఎంత పీకినా సన్నటి నూగు మిగులుతుంది. నాటుకోడికి చేసినట్టే కాస్త పసుపు రాసి, స్టవ్ మంట మీద తిప్పుతూ కాల్చు, రెక్కల కింద, మెడ దగ్గర బాగా చూడు. మరీ ఎక్కువసేపు ఉంచితే చర్మం బిగుసుకుని చిరుగుతుంది, నూగు చిటపటలాడి పోగానే తీసెయ్.

ఇంకో దారి కూడా ఉంది. మీ వీధిలో కట్టెల భట్టీ ఉన్న బేకరీ ఏదైనా ఉంటే అడుగు. మేము క్రిస్మస్ కేకులు అక్కడే కాల్పించుకునేవాళ్ళం, బన్నులు తీశాక మిగిలిన వేడిలో పెద్ద కోడి చక్కగా ఉడికేది. కాకపోతే 24, 25 తేదీల్లో వాళ్ళకి కేకుల పని తలకి మించి ఉంటుంది, ఈ రెండు రోజుల్లోనే మాట్లాడుకోవాలి.

నువ్వు 24 రాత్రి ఆరాధనకి వెళ్ళిరా, 25 పొద్దున మిగతావాళ్ళు చర్చికి వెళ్తారు, నువ్వు ఇంట్లో ఉండి తొమ్మిదిన్నరకి పొయ్యి మీద... అదే ఓటీజీలో పెట్టు, ఒంటిగంటకి బయటకి వస్తుంది.

బార్కస్ భోజనప్రియుడు

నాదొక ఐడియా. లోపలి ఖాళీలో సగం ఉడికిన బిర్యానీ అన్నం, గుడ్లు, జీడిపప్పు కూరి కుట్టేస్తే? కోడి రసమంతా అన్నం పీల్చుకుంటుంది. మండీ అన్నం రుచి తెలిసినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది.

రాజేంద్రనగర్ వెటర్నరీ

భయ్యా, రుచి నిజమే కానీ ఇక్కడ వద్దు. నేను పశువైద్యం చదివినవాణ్ణి, కోళ్ళ మీదే పని. పచ్చి కోడిలో సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ లాంటి రోగక్రిములు ఉండొచ్చు. లోపల అన్నం కూరితే పచ్చి రసం అందులోకి దిగుతుంది, వేడి మాత్రం అన్నం నడిమధ్యకి అన్నిటికంటే ఆఖర్న చేరుతుంది. ఆ క్రిములు చచ్చే 74 డిగ్రీలకి అన్నం వచ్చేసరికి రొమ్ము ఎండిపోతుంది. అన్నం విడిగా వండి, ట్రేలో కారిన రసం పైన పోయండి, అదే రుచి వస్తుంది. లోపల ఒక ఉల్లిపాయ, నిమ్మకాయ చాలు.

అల్వాల్ అక్కా, మీ అసలు ప్రశ్నకి జవాబు కూడా ఈ 74 డిగ్రీలే. థర్మామీటర్ మొనని తొడ లావుగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా గుచ్చండి, ఎముకకి తగిలితే రీడింగ్ తప్పుగా వస్తుంది. రెండు తొడలూ, రొమ్ము మధ్యా చూడండి. అన్నిచోట్లా 74 దాటితే ఎముక పక్కన కాస్త ఎరుపున్నా అది పచ్చి కాదు, లేత కోళ్ళలో మూలుగ రంగు అలా బయటికి వస్తుంది. అంకె రాకపోతే మాత్రం పైన ఎంత బంగారు రంగున్నా ఇంకా ఉడకలేదు.

కుళాయి కింద పెట్టి కడగొద్దు, చిమ్మిన నీళ్ళు గట్టు మీది సలాడ్ దాకా పోతాయి. నూగు కాల్చాక కడగక తప్పదనుకుంటే వెడల్పు గిన్నెలో నెమ్మదిగా కడిగి, తుడిచి, తర్వాత సింక్ సబ్బుతో తోమండి. కోసిన రోజే వండితే కండ బిగుసుకుని ఉంటుంది, మీరు 22న తెచ్చి 25న చేస్తున్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఉప్పల్ వాసు

మర్చిపోయాను, బయటికి తీశాక కనీసం అరగంట కోయొద్దు. వెంటనే కోస్తే రసమంతా పళ్ళెంలోకి పోతుంది.

అల్వాల్ కోడలు (డిసెంబర్ 26)

ఏం జరిగిందో చెప్పాలి కదా! బేకరీలో కుదరలేదు, ఓటీజీలోనే చేశాను. ఆంటీ, మీరు చెప్పకపోయి ఉంటే నిజంగానే చర్మం తీసేసేవారు, ఫోన్ చేస్తే ఫామ్ ఆయనే ఆశ్చర్యపోయాడు. పసుపు రాసి కాల్చడం అత్తమ్మే చేశారు.

తొమ్మిదిన్నరకి పెట్టాను. రెండు గంటల యాభై నిమిషాలకి చూస్తే కుడి తొడ 73, ఎడమది 66. చూడ్డానికి మాత్రం రెండు వైపులా ఒకేలా ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది, థర్మామీటర్ లేకపోతే అప్పుడే తీసేసేదాన్ని. మా ఓటీజీలో లోపలి వైపు వేడి ఎక్కువట, ట్రే తిప్పి పెట్టి మళ్ళీ ఫాయిల్ కప్పాను. ఇంకో అరగంటకి అన్నిచోట్లా 74 దాటింది. ఒంటిగంటకి ముందే బయటపెట్టి, ట్రేలో రసాన్ని మిరియాలు, కాస్త మైదాతో గ్రేవీ చేసేలోపు అందరూ చర్చి నుంచి వచ్చేశారు.

బావగారు కోస్తుంటే చర్మం చిటుక్కుమని విరిగింది, రొమ్ము తడిగా ఉంది. అత్తమ్మ ఎవరికీ వడ్డించకముందే ఒక పళ్ళెంలో తొడ మాంసం నాలుగు ముక్కలు పెట్టి, గ్రేవీ పోసి, పైన చేతిరుమాలు కప్పి, మా చిన్నోడి చేతికిచ్చి ఎదురింటికి పంపారు. వాడు తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు.

ఎముకలు ఇవాళ పొద్దున కుక్కర్‌లో వేసి చారు పెట్టాను, మిగిలిన మాంసం తీసిపెట్టుకున్నాను, రాత్రికి పులావ్.